రెండో తుమ్ము

నూకరాజు తుమ్మాడంటే ఆర్టీసీ బస్సు ఆగిపోయేది.

గొప్పకి అన్న మాట కాదిది. అతని బావ వీరభద్రం బస్సు డ్రైవరు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, మధ్యలో నడుమెత్తు గోడ. పొద్దున్నే వీరభద్రం ఖాకీ చొక్కా తొడుక్కుని, భార్య లోవమ్మ ఇచ్చిన క్యారేజీ పట్టుకుని గడప దాటబోతుంటే గోడవతల నుంచి "హా... హా... హాచ్చీ!" అని వినబడేది. మామూలు తుమ్ము కాదది. రెండుసార్లు ఊరించి, మూడోసారికి పెంకుల మీద కొబ్బరికాయ పడ్డట్టు పడేది. గోడ మీది కోడిపెట్ట ఎగిరి అవతలికి దూకేది. వీరభద్రం ఎత్తిన కాలు వెనక్కి పెట్టి, కుర్చీలో కూలబడి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, కాసేపాగి లేచేవాడు. అక్కడ బస్సు నిండా జనం డ్రైవరేడని కండక్టర్ని తిడుతూ ఉండేవాళ్ళు.

"ఒరే నూకిగా, అది జలుబు తుమ్మా, బలుపు తుమ్మా?"

"జలుబే బావా. నీ మొహం చూత్తే చాలు, నాకు పడిశం పట్టేత్తది."

లోవమ్మ విసుక్కునేది. "వాడు దొంగతుమ్ము తుమ్మాడని తెలిసీ కూర్చుంటావేంటయ్యా?"

"వందలో తొంభైతొమ్మిది దొంగవే అనుకో. మిగిలిందొక్కటీ నిజవైతే? గ్లాసుడు నీళ్ళు తాగితే నాదేం పోయిందే."

ముప్పై ఏళ్ళు అలాగే జరిగింది. నూకరాజు ఆరో తరగతితో బడికి దణ్ణం పెట్టి, షామియానాలూ కుర్చీలూ గుండిగలూ అద్దెకిచ్చే సప్లయర్స్ షాపు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల ఎవరింట్లో నలుగురికి భోజనం పెట్టినా అతను ఉండాల్సిందే. పంతులుగారి సంచిలో కప్ప దూరిందంటే, వీడియో తీసేవాడి కుర్చీకి బంక అంటిందంటే, ఎవరి పనో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అన్ని వేషాల్లోకీ అతనికి ఇష్టమైంది మాత్రం బావని ఆపడం. అక్క మొగుణ్ణి ఆటపట్టించడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదా.

వీరభద్రం రిటైరయ్యే ఏడు ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. ఎవడింట్లో విందో వాడిదే పూచీ. పిట్టగోడ లేని మేడ మీంచి ఒకడు పడిపోయాడు, తాగి బండెక్కి ఇంకొకడు చచ్చాడు, గుండె పట్టుకుని ఇంకొకడు దారిలో కూలాడు. ఇలాంటివి ఎక్కువైపోయి తెచ్చారు. భోజనానికి పిలిచినవాడు, వచ్చినవాళ్ళు తిరిగి ఇల్లు చేరేదాకా జవాబుదారీ. వచ్చినవాడి ఒంట్లో బాగాలేదని తెలియక పంపితే మందలింపు. తెలిసీ పంపితే జైలు.

"ఇంకేంటి, విస్తరేసేముందు ప్లీడర్ని పిలవాలి," అని నూకరాజు ఊరంతా నవ్వించాడు. "ఆవకాయ ముద్దకో సంతకం, అరటిపండుకో సంతకం."

కానీ నవ్వుతాలు పక్కనపెడితే, చిక్కంతా ఆ 'తెలిసీ' అన్న మాట దగ్గరే ఉంది. ఎవడి ఒంట్లో ఏముందో గుమ్మం దగ్గర నిలబడ్డవాడికి ఎలా తెలుస్తుంది?

ఆ సంగతి కనిపెట్టింది వీరభద్రం కూతురు సుభాషిణి.

కాకినాడలో ఒక ప్రయోగశాలలో పనిచేసేది. ఆ పిల్ల చేసిన వస్తువుకి గడప అనే పేరు పెట్టింది. చూడ్డానికి రెండు పసుపుపచ్చని రబ్బరు పట్టీలు, జానెడు వెడల్పు. మనవాళ్ళు గడప తొక్కరు, దాటుతారు కాబట్టి, ఒక పట్టీ గడపకి ఇవతల, ఇంకోటి అవతల. మనిషి ఇవతలి పట్టీ మీద కాలు ఆనిస్తే చాలు, ఆ పాదం ఎంత బరువు మోస్తోంది, ఎటు ఒరుగుతోంది, అరికాలి కింద నాడి ఎలా కొట్టుకుంటోంది, అన్నీ వినేది. తాగినవాడి పాదం వేరట, కళ్ళు తిరిగేవాడి పాదం వేరట, గుండె ఆగబోయేవాడి పాదం ఇంకా వేరట. పదివేలమందిని నడిపించి ఆ పట్టీలకి నేర్పించింది.

అంతా బాగానే ఉంది. నేర్చుకున్నది చెప్పడమే దానికి చేతకాలేదు.

మొదట ఎర్రలైటు పెట్టారు. జనం పెళ్ళి సీరియల్ లైట్లనుకుని కింద నిలబడి ఫొటోలు దిగారు. తర్వాత ఆడగొంతు పెట్టారు. "దయచేసి ఆగండి, మీ ఆరోగ్యం..." అనేలోపు, బస్టాండు అనౌన్సుమెంటని ఎవరిమానాన వాళ్ళు వెళ్ళిపోయారు. సైరను పెడితే దొంగలనుకుని పారిపోయారు. ఆరు నెలలు సుభాషిణి తల పట్టుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం నూకరాజు మేనకోడలికి క్యారేజీ తీసుకుని ప్రయోగశాలకి వెళ్ళాడు. అప్పుడే డైరెక్టరుగారు సూటు సర్దుకుని ఢిల్లీ విమానానికి బయల్దేరుతున్నాడు. మూడు దేశాల్లో చదివిన మనిషి. ఆయన అద్దం తలుపు మీద చెయ్యి వెయ్యగానే నూకరాజు ముక్కు ఊరుకోలేదు.

"హా... హా... హాచ్చీ!"

డైరెక్టరుగారు ఆగిపోయాడు. అటూ ఇటూ చూశాడు. మెల్లగా వెనక్కొచ్చి సోఫాలో కూర్చుని, "ఎవరన్నా కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నాడు.

నూకరాజు పొట్ట పట్టుకుని నవ్వబోతూ కోడలి వైపు చూశాడు. సుభాషిణి నవ్వడం లేదు. కళ్ళు ఇంతింత చేసుకుని డైరెక్టరుగారి కాళ్ళకేసి చూస్తోంది.

"మావయ్యా," అంది, "ఇంకోసారి తుమ్ము."

ఆ వారమంతా నూకరాజుకి పొడుం పెట్టి, మిరియాలు పెట్టి, కోడి ఈక పెట్టి నాలుగొందల తుమ్ములు తుమ్మించారు. పదిహేడో తుమ్ము బాగుందని దాన్ని గడపలో పెట్టారు. ఒంట్లో బాగాలేనివాడు దాటబోతే గడప తుమ్ముతుంది. అతను కూర్చుని నీళ్ళు తాగేలోపు ఇంటాయనకి ఫోన్లో కబురు వెళ్తుంది. పది నిమిషాలయ్యాక మళ్ళీ పాదం చూస్తుంది. అవసరమైతే అంబులెన్సుని పిలుస్తుంది.

"ఒక్కటే తుమ్మాలి మావయ్యా," అని సుభాషిణి రికార్డు చేసేటప్పుడే చెప్పింది. "దీన్లో ఎన్ని తాళాలేశానో చూడు. ప్రళయం వచ్చినా ఇది రెండోసారి తుమ్మకూడదు. జంట తుమ్ము శుభం అనుకుని మనోళ్ళు లేచి చక్కాపోతారు."

"మరే. నా ముక్కు ఇంక గవర్నమెంటు ఆస్తి. తుడుచుకోవాలన్నా అర్జీ పెట్టుకోవాల."

మొట్టమొదటి గడప వీరభద్రం ఇంట్లోనే బిగించారు. ఏడాది తిరిగేసరికి నలభైవేల ఇళ్ళకి పాకింది. తునిలో ఎవరింట్లోనో బారసాలకొచ్చిన ముసలాయన తుమ్ము విని కూర్చుని, కూర్చున్నచోటే గుండెనొప్పి వచ్చి, పక్కన జనం ఉండబట్టి బతికాడు. ఆయన కొడుకులు నూకరాజుని వెతుక్కుంటూ వచ్చి బుట్టెడు మామిడిపళ్ళిచ్చి వెళ్ళారు. నూకరాజు ఆ బుట్ట నెత్తిన పెట్టుకుని వీధంతా తిరిగాడు.

ఆ ఏడే సుభాషిణికి హైదరాబాదులో బహుమతి ఇచ్చారు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర రైలుకి సామర్లకోటలో దిగుతుంది. నూకరాజు ఊరుకుంటాడా? తన ఇంటి వాకిట్లోనే షామియానా వేయించి, నలభైమందిని భోజనానికి పిలిచాడు. ఆ పిల్ల వచ్చేటప్పటికి అందరూ నిలబడి చప్పట్లు కొట్టాలని ముందే రిహార్సలు కూడా చేయించాడు.

పొద్దుటి నుంచీ అతను తన వీధి గుమ్మానికి బిగించిన గడపతో ఆడుతూనే ఉన్నాడు. ఉల్లిపాయల బస్తా ఒక భుజమ్మీదే వేసుకుని పట్టీ మీద నిలబడితే మనిషి పక్కకి పడిపోతున్నాడనుకుని గడప తుమ్మింది. కుంటుకుంటూ నడిచి ఒకసారి తుమ్మించాడు. తలుపు చాటునుంచి తనే రెండుసార్లు తుమ్మి, పంతులుగారిచేత రెండుసార్లూ నీళ్ళు తాగించాడు. ఫోన్లో కబుర్ల మోత మోగుతుంటే నోరు నొక్కి జేబులో పడేశాడు. పదకొండయ్యేసరికి ఏ తుమ్ము గడపదో, ఏది నూకరాజుదో ఎవరికీ పట్టింపు లేకుండా పోయింది.

వీరభద్రం మొదటి పంక్తిలోనే భోజనానికి కూర్చున్నాడు. మజ్జిగ గ్లాసు ఎడంచేత్తో అందుకోబోతే జారి విస్తట్లో పడింది.

"బావకి మజ్జిగే ఎక్కేసిందర్రా!" అని నూకరాజు కేకేస్తే పంక్తంతా నవ్వింది.

"చెయ్యి తిమ్మిరిగా ఉందిరా పొద్దుటి నుంచీ," అన్నాడు వీరభద్రం వేళ్ళు ముడుస్తూ.

"ముప్పయ్యేళ్ళు స్టీరింగు తిప్పిన చెయ్యి. రిటైరైపోయానని దానికిప్పుడు తెలిసినట్టుంది."

వీరభద్రం కూడా నవ్వాడు. చెయ్యి కడుక్కుని, తల దువ్వుకుని, స్కూటరు తాళం తీసుకున్నాడు. "ఒంటిగంట దాటింది. పిల్ల ఎండలో నిలబడద్ది. తీసుకొచ్చేత్తాను."

నూకరాజు గుమ్మం పక్కనే గుండిగ దగ్గర గరిటె పట్టుకుని ఉన్నాడు, భుజమ్మీద తుండుగుడ్డ. వీరభద్రం ఇవతలి పట్టీ మీద కాలు పెట్టి, రెండో కాలు ఎత్తాడు.

"హా... హా... హాచ్చీ!"

పదిహేడో తుమ్ము.

నలభైమందీ నూకరాజు వైపు తిరిగి ఫక్కున నవ్వారు. వీరభద్రం ఎప్పటిలాగే ఎత్తిన కాలు వెనక్కి పెట్టేశాడు. కుర్చీ కోసం చుట్టూ చూశాడు. అతని మొహంలో ఏదో తత్తరపాటు ఉంది. గడియారం చూసుకున్నాడు.

"ఇప్పుడా తుమ్మడం? రైలొచ్చేత్తదిరా."

నూకరాజు తుమ్మలేదు. ఆ సంగతి అతనికి తెలుసు. పొద్దుటి నుంచీ తను ఆడించిన ఆటకి మిషను బుర్ర తిరిగి ఉంటుందనుకున్నాడు. అనుకున్నాడో, అలా అనుకుంటే బాగుంటుందనుకున్నాడో. నలభైమంది నవ్వు మొహాలతో ఇంకేదో చేస్తాడని తనవైపే చూస్తున్నారు. ఇంకేదీ చెయ్యకపోతే ఎలా? గుండిగ మీదకి వంగి, తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"హా... హా... హాచ్చీ!"

"జంట తుమ్ము బావా!" అన్నాడు లేచి. "ఇంక నీకు తిరుగు లేదు. పో, పో, కోడల్ని తీసుకురా!"

వీరభద్రం మొహం విచ్చుకుంది. గడప దాటాడు. స్కూటరు చప్పుడు సందు మలుపు దాకా వినబడింది.

రైలు వేళకే వచ్చింది. ఒంటిగంటా నలభైకి సుభాషిణి ఫోన్ చేసింది. "మావయ్యా, నాన్న బయల్దేరాడా? ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు." బయల్దేరాడమ్మా అన్నాడు. రెండింటికి మళ్ళీ చేసింది. రెండుంబావుకి కాలవ లాకుల దగ్గర పనిచేసే మనిషి పరిగెత్తుకొచ్చాడు. గట్టు రోడ్డు మీద తిన్నగా పోతున్న స్కూటరు తిన్నగానే కాలవలోకి దిగిపోయిందట. బ్రేకు వెయ్యలేదు, హారను కొట్టలేదు. మనిషి ఎడంపక్కంతా పడిపోయి ఉంటుందన్నారు తర్వాత డాక్టర్లు. పది నిమిషాలు కుర్చీలో కూర్చుని ఉంటే ఆ పక్షవాతం నలుగురి ముందే వచ్చేదనీ, ఆసుపత్రి అంబులెన్సుకి ఏడు నిమిషాల దూరమేననీ కూడా అన్నారు. అడక్కపోయినా చెప్పారు.

సుభాషిణి స్టేషన్ బయట బహుమతి పట్టుకుని అరగంట నిలబడింది.

పదకొండో రోజు దాటాక విచారణకి ఒకావిడ వచ్చింది. నెమ్మదైన మనిషి. గడపలో అడుగులూ శబ్దాలూ దాచుకునే జ్ఞాపకం పెట్టె తీయించి, విందుకి వచ్చినవాళ్ళందర్నీ అడిగింది. కొందరు రెండు తుమ్ములూ నూకరాజువే అన్నారు, కొందరు రెండూ మిషనువే అన్నారు. వంగి, గుడ్డ అడ్డం పెట్టుకున్నవాడి మొహం ఎవరు చూశారు?

"మీరు తుమ్మారా నూకరాజుగారూ?"

"నేను... గరిటె పట్టుకునున్నానండి. వడ్డిత్తన్నానండి."

ఆవిడ అంతే రాసుకుంది. అబద్ధం కాదు కదా అని నూకరాజు ఆ రోజంతా తనకి తనే చెప్పుకున్నాడు.  అతని భార్య రవణమ్మ ఆ తుండుగుడ్డ ఉతక్కుండా, మడత పెట్టి, దండెం మీద అతనికి ఎదురుగా వేసింది. మూడోనాడు అంది, "నేను చూశానండీ."

"నోరు ముయ్యి," అన్నాడు. జీవితంలో ఆ మాట ఆవిణ్ణి మొదటిసారి అన్నాడు.

పెట్టెలోని శబ్దం సుభాషిణి చేతికి వెళ్ళింది. గడప తన లెక్కలో ఒక్క తుమ్మే రాసుకుంది. శబ్దంలో రెండున్నాయి, నాలుగు క్షణాల తేడాతో, అచ్చు ఒకేలాంటివి. ఒకే ముక్కులోంచి వచ్చినవి ఒకేలా ఉండవా మరి? ఆ పిల్లకి అర్థమైంది మాత్రం ఒక్కటే. తను వేసిన తాళాలన్నీ తెంచుకుని తన మిషను రెండోసారి తుమ్మింది. జంట తుమ్మి నాన్నని పంపేసింది.

వాళ్ళు గోడవతల ఉండడం వల్ల నూకరాజుకి తెలియకుండా ఏదీ దాగలేదు. వాకిట్లో లోవమ్మ ఒంటరిగా కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూలబడ్డాడు.

"అది అన్నం తినట్లేదురా," అంది లోవమ్మ. "పొద్దున్నే పోతది, ఆ పట్టీల మీద పడి ఉంటది. నేనే చంపేశానమ్మా అంటది. ఈ శుక్రవారం మిషనుదే తప్పని కాయితం ఇచ్చేత్తదంట, అందరిళ్ళలోవీ ఆపేయించేత్తారంట. ఉజ్జోగం కూడా మానేత్తానంటంది. నువ్వు చెప్పరా తమ్ముడూ. చిన్నప్పటి నుంచీ నీ మాటంటే వింటది."

"మిషను తప్పయితే..." నూకరాజు గొంతు సవరించుకున్నాడు. "నాకేం కాదంటక్కా ఆ విచారణలో?"

"అవునంట. అదొక్కటే మంచి. ఒకణ్ణి పోగొట్టుకున్నాను, నిన్ను కూడా జైలుకి పంపి ఎలా బతకను?" అని అతని తల నిమిరింది.

నూకరాజు ఆ చెయ్యి కింద కూర్చోలేకపోయాడు. లేచి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే క్యారేజీ కట్టించుకుని కాకినాడ వెళ్ళాడు. కట్టింది రవణమ్మే. ఎందుకని అడగలేదు. పులిహోర పెట్టింది, పైన కోడలికిష్టమైన వడియాలు పొట్లం కట్టింది.

ప్రయోగశాలలో తలుపులేని ద్వారబంధం ఒకటి నిలబెట్టి, కింద పట్టీలు పరిచి ఉన్నాయి. నూకరాజు ఇంటివే. ఒక ఇనప చట్రానికి వేలాడదీసిన రెండు కర్ర పాదాలు పట్టీ మీద పడుతున్నాయి, లేస్తున్నాయి. ఎడం పాదం కొంచెం తేలిగ్గా. అవి వీరభద్రం అడుగులు. ఆ రోజు పెట్టెలో రాసుకున్న బరువులే మళ్ళీ మళ్ళీ వేయిస్తోంది సుభాషిణి. పాదం పడినప్పుడల్లా గడప తుమ్ముతోంది. ఆ పిల్ల మొహం పీక్కుపోయి ఉంది. బల్ల మీద సంతకం పెట్టాల్సిన కాయితం ఉంది.

"తొమ్మిదివేలసార్లు వేయించాను మావయ్యా," అంది వెనక్కి తిరక్కుండానే. క్యారేజీ చప్పుడుకే ఎవరో తెలిసిపోయింది. "ఒక్కసారి కూడా రెండోది రాలేదు. ఎండలో పెట్టాను, తడిపాను, కరెంటు తీసి పెట్టాను. వస్తే చాలు, తప్పెక్కడుందో పట్టుకుంటాను. రాదే! ఇంకెవరు నిలబడ్డప్పుడూ రాలేదు, నాన్న నిలబడ్డప్పుడే ఎందుకొచ్చింది?"

"అన్నం తినమ్మా."

"ఈసారి వస్తుందేమో చూసి తింటాను."

మీట నొక్కింది. కర్ర పాదం పట్టీ మీద పడింది.

"హా... హా... హాచ్చీ!"

సుభాషిణి ఊపిరి బిగబట్టింది. గోడ గడియారం ఒకటి, రెండు, మూడు, నాలుగు అంది.

"హా... హా... హాచ్చీ!"

ఆ పిల్ల ఎగిరి నిలబడింది. "వచ్చింది! వచ్చింది మావయ్యా, విన్నావా, వ..." అంటూ తిరిగింది.

నూకరాజు తుండుగుడ్డ మొహమ్మీంచి తీశాడు. ముక్కు ఎర్రగా ఉంది. కళ్ళు అంతకంటే ఎర్రగా ఉన్నాయి.

చాలాసేపు కర్ర పాదాలు పడుతూ లేస్తూ ఉన్నాయి. గడప తుమ్ముతూ ఉంది, ఒక్కోసారికి ఒక్కటే. సుభాషిణి చెయ్యి చాచి మీట ఆపింది.

"నువ్వా?"

"నేనే అమ్మా."

"మొదటిది?"

"అది నీ మిషనుదే. చక్కగా తుమ్మింది. ఎంత చక్కగా తుమ్మిందంటే... అందరూ నేననుకున్నారు."

సుభాషిణి గోడకి ఆనుకుంది.  "నాన్న ఆగాడా? ఆ మొదటిదానికి?"

"ఆగాడమ్మా. కాలు వెనక్కి పెట్టేశాడు. కుర్చీ కోసం చూశాడు. మీ నాన్న ఎప్పుడు ఆగలేదు?"

అప్పుడేడ్చింది ఆ పిల్ల. తండ్రి పోయినరోజు కూడా అంత ఏడవలేదు. నేల మీద కూర్చుని, పసుపు పట్టీ మీద అరచెయ్యి పెట్టుకుని ఏడ్చింది. నూకరాజు దగ్గరికి వెళ్ళబోతే చెయ్యెత్తి ఆపింది.

"వెళ్ళిపో మావయ్యా."

అతను క్యారేజీ బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఆ కాయితం మీద సుభాషిణి సంతకం పెట్టలేదు.

నూకరాజు తనే విచారణాధికారి దగ్గరికి వెళ్ళి, రెండో తుమ్ము తనదేనని చెప్పాడు. ఆవిడ అడిగింది. "ఆలోచించుకుని చెప్పండి. మిషను చెడిపోయిందనుకున్నానన్నారు. అంటే ఆయన ఒంట్లో బాగాలేదని మీకు తెలియదన్నమాట. అంతేనా?" ఆవిడ గొంతులో కొంచెం జాలి ఉంది. అవునంటే మందలింపుతో పోతుందని నూకరాజుకి కూడా అర్థమైంది.

"ఆ రోజు అక్కడ నలభైమంది ఉన్నారండి," అన్నాడు. "అందరూ ఆ తుమ్ము నాదే అనుకున్నారండి. వాళ్ళకి తెలీదండి. అది నాది కాదని తెలిసినోణ్ణి నేనొక్కణ్ణేనండి. మా బావ ముప్పయ్యేళ్ళు నా దొంగతుమ్ములకి కూర్చున్నాడండి, ఒక్కటన్నా నిజవవుద్దేమోనని. అయ్యిందండి. నేనే లేపి పంపాను. తెలిసేనండి."

ఏడాదిన్నర జైలు వేశారు. సోమవారం పదింటికి హాజరు కావాలి.

ఆ వారంలో లోవమ్మ గోడ దగ్గరికి రాలేదు. ఆమె వాకిలి ఊడ్చే చప్పుడు వినబడేది, గిన్నెల చప్పుడు వినబడేది, అంతే. సోమవారం తొమ్మిదింటికి నూకరాజు తెల్లచొక్కా వేసుకుని ఆ ఇంటి గడప దాటి లోపలికి వెళ్ళాడు. వీరభద్రం ఫొటోకి దండ ఉంది. పక్కనే ఖాకీ చొక్కా ఇంకా మేకుకి వేలాడుతోంది. సుభాషిణి కిటికీ దగ్గర నిలబడి ఉంది. లోవమ్మ మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు.

"వెళ్ళొత్తానక్కా," అన్నాడు.

చేటలో బియ్యం కదిలాయి.

"రవణమ్మొక్కతే ఉంటది. చూత్తా ఉండు."

లోవమ్మ ఇంకో రాయి ఏరి పక్కన పడేసింది. ఇంక నిలబడే ముఖం లేక నూకరాజు వెనుదిరిగాడు. కాళ్ళు అతని మాట వినడం లేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఊళ్ళోకెల్లా మొట్టమొదట బిగించిన ఆ పట్టీ మీద కుడికాలు పెట్టి, ఎడంకాలు ఎత్తాడు.

"హా... హా... హాచ్చీ!"

తన తుమ్మే. పొడుం పెట్టుకుని, కోడలు నవ్వుతుంటే తుమ్మిన తుమ్ము. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. ఆ గుమ్మంలో అలా నిలబడ్డ బావని అతను ముప్పై ఏళ్ళు గోడవతల నుంచి చూసి నవ్వాడు. ఇప్పుడు నవ్వేవాళ్ళెవరూ లేరు. గోడ గడియారం ఒకటి, రెండు, మూడు, నాలుగు అంది. రెండోది రాలేదు.

నూకరాజు మెల్లగా కాలు వెనక్కి పెట్టాడు.

వెనకాల చేట కింద పెట్టిన చప్పుడైంది. సుభాషిణి కిటికీ దగ్గర నుంచి కదిలి, గుమ్మం పక్కనున్న కుర్చీ లాగింది. వీరభద్రం కుర్చీ. నూకరాజు అందులో కూర్చోడానికి తటపటాయిస్తుంటే లోవమ్మ గ్లాసుతో వచ్చింది.  నీళ్ళు అంచు మీంచి ఒలుకుతున్నాయి.

"కూర్చో," అంది, అతని మొహం చూడకుండా. "తాగి వెళ్ళు."

అతను కూర్చున్నాడు.